ఎర్రపత్తి చీర

మా కొట్లో దొరకని రంగంటూ ఉండేది కాదు గాని, పేరు పెట్టి అడగలేని రంగు మాత్రం ఒకటుండేది. ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని చిలకపచ్చ తీయండి, నెమలికంఠం తీయండి, వంగపండు రంగు తీయండి అని దర్జాగా అడిగేవారు. ఈ ఒక్కదాని దగ్గరికి వచ్చేసరికి వేలు చూపించేవారు. ఒకావిడ వక్కరంగు అనేది, ఇంకొకావిడ బెల్లం రంగు అనేది. చింతగింజ, ఇటుక, కొబ్బరిపీచు, ఎవరి కళ్ళముందు ఏది ఉంటే దాని పేరు. పట్నం వెళ్ళొచ్చినవాళ్ళు మాత్రం కాఫీ రంగు అనేవారు. కాఫీ తాగొచ్చామని నలుగురికీ తెలియాలి కదా. గోధుమరంగు అన్న మాట నేను పుస్తకాల్లో చదివానే తప్ప ఆ బజార్లో ఎవరి నోటా వినలేదు.

మా ఆయనకి ఆ రంగంటే చిన్నచూపు. "అది రంగేటి? మురికి. కొత్త సీర కట్టినా పాతది కట్టినట్టే ఉంటాది" అనేవారు. ఎవరో షావుకారు ఆ రంగు బట్ట తాను ఒకటి అంటగడితే తెచ్చి పై అరలో పెట్టారు. అది అక్కడే ఉండిపోయింది. తరవాత యుద్ధం మా దాకా వచ్చింది. మా ఊరి మీదుగా పోయే కలకత్తా రోడ్డు మీద లారీల వెనక లారీలు సైనికులతో వెళ్ళేవి. మనుషులూ లారీలూ అంతా ఒకటే మట్టిరంగు. ఆ రంగు వేసుకుంటే శత్రువుకి దూరంనుంచి కనబడరని మా ఆయన చెబితే నేను నవ్వాను. కనబడకుండా ఉండడానికి బట్ట కొనుక్కునేవాళ్ళు కూడా ఉంటారా అన్నాను. నా పెట్టెలో పెళ్ళినాటి చీరలన్నీ ఆమడ దూరంనుంచి కనబడేవే.

నేను విజయనగరం పిల్లని. మూడులాంతర్ల దగ్గర మా నాన్నగారికి ఇత్తడి సామాన్ల కొట్టు ఉండేది. నరసన్నపేట బట్టల కొట్టువారింటికి నన్నిచ్చింది యుద్ధం మొదలైన మరుసటేడు. ముందు కొట్టు, దాని వెనక నడవగది, ఆ వెనక వంటిల్లు, పెరడు. ఇంట్లో ఉండేది మా ఆయన, నేను, మా అత్తగారు, మా ఆయన అక్కగారు. మామగారు నా పెళ్ళికి చాలాకాలం ముందే పోయారు. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా అమ్మ దాచకుండా చెప్పేసింది. అయినా వాళ్ళు చేసుకున్నారు.

మా ఆయన తన అక్కగారిని అప్పా అని పిలిచేవారు, నేను వదినా అని పిలిచేదాన్ని. పదహారో ఏట భర్త పోతే పుట్టింటికి వచ్చేసిందట. నేను కాపురానికి వచ్చేసరికి ముప్ఫైకి దగ్గరలో ఉంది. మా వ్యాపారపు ఇళ్ళల్లో భర్త పోయిన ఆడది తెల్లచీరే కట్టాలి, దానికి అంచు కూడా ఉండకూడదు. రంగు వేసిన బట్ట ఒంటికి తగలకూడదు. బొట్టూ గాజులూ లేకపోవడం ఒక ఎత్తు, ఆ తెలుపు ఒక ఎత్తు. బొట్టు లేదన్న సంగతి దగ్గరికొస్తేనే తెలుస్తుంది. తెల్లచీర మాత్రం వీధి ఆ చివరినుంచే చెప్పేస్తుంది, నేను వస్తున్నాను, పక్కకి తిరగండి అని. తిరిగేవారు కూడా.

ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే మా ఆయన కొట్టు తలుపులు తీసి, నీళ్ళు చల్లి, అగరొత్తి వెలిగించి కూర్చునేవారు. అత్తగారు ఎలాగూ పొయ్యి దగ్గరే ఉండేవారు గాని, మొదటి బేరం కుదిరి బోణీ అయ్యేదాకా వదిన నడవగదిలోకి రాకూడదు. ఎందుకంటే కొట్టుకొచ్చినవాళ్ళకి ఆ గది కనబడుతుంది. బోణీ కాగానే మా ఆయన గజంబద్దతో బల్ల మీద టక్కుమని కొట్టేవారు. అప్పుడు వదిన వంటింటి వెనకనుంచి ఇవతలికి వచ్చేది. ఆ చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండేది. మా ఆయన చెడ్డవారు కాదు, అక్కంటే ప్రాణం. కానీ బోణీ దగ్గరికొస్తే ఆయనకి భయం. ఆ బజారు మొత్తానికీ అదే భయం.

యుద్ధం ముదిరాక బట్టకి కరువొచ్చింది. మిల్లు బట్ట కంట్రోలు మీద తప్ప దొరకదు. వచ్చిన కాస్తా ఒక్కపూటలో అయిపోయేది, ఆ తరవాత ఊరికే కొట్టు తెరిచి కూర్చోవడమే. బేరం లేకపోతే బోణీ లేదు. బోణీ లేకపోతే వదిన ఇవతలికి రావడం లేదు. మధ్యాహ్నం దాటినా గజంబద్ద మోగని రోజులుండేవి. ఒకసారి నేను ఉండబట్టలేక తలమీద ముసుగు కప్పుకుని, పెరటిదారిన చుట్టూ తిరిగి కొట్టు ముందుకెళ్ళి, గొంతు మార్చి రవిక గుడ్డ చూపించమన్నాను. మా ఆయన పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. గుడ్డ కూడా కోసిచ్చారు. బద్ద మాత్రం కొట్టలేదు. ఇంటిమనిషి బేరం బోణీ కాదట.

వదినకి పొద్దుపోయేది రాట్నం దగ్గరే. ఖద్దరు కేంద్రం వాళ్ళు పత్తి ఇస్తే నూలు వడికి ఇచ్చేది. పొందూరు వైపు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. అంత సన్నటి పళ్ళు మరి దేనికీ ఉండవట. మా ఇల్లేమో ఉల్లిపాయ తరగడానికే నాలుగు దిక్కులూ చూసే ఇల్లు. "నూలు వడుక్కో, నాకేటి? ఆ సేప ముల్లు మాత్రం గడప దాటి లోపలికి రాకూడదు" అన్నారు మా అత్తగారు. అందుకని వదిన పెరటి వసారాలోనే కూర్చుని దువ్వేది, వడికేది. ఆ దవడ ఎముకని అటక కింద ఒక డబ్బాలో దాచుకునేది. ఆవిడ తీసిన దారం చూడడానికి నేను కళ్ళు చికిలించాల్సి వచ్చేది.

ఆ సన్నదనం చూసే కేంద్రం నడిపే పెద్దమనిషి ఒకనాడు ఇంటికొచ్చి, రోజూ పొద్దున్న వచ్చి ఊళ్ళో ఆడపిల్లలకి వడకడం నేర్పుతారా అని అడిగారు. వదిన మొహం నేను అలా ఎప్పుడూ చూడలేదు. తలుపు వెనక నిలబడి నా చెయ్యి పట్టుకుంది, ఆ పట్టుకి నా గాజు ఒకటి చిట్లిపోయింది కూడా. కానీ కేంద్రం ఉన్నది బజారు ఆ చివర. నేర్పాల్సింది పొద్దుటిపూట. అంటే కొట్లన్నీ బోణీ కోసం కాచుకుని కూర్చునే వేళకి ఆ తెల్లచీర బజారంతా దాటి వెళ్ళాలి.

"నువ్వెల్తే నాకేటి బాధ అప్పా?" అన్నారు మా ఆయన, నేలచూపులు చూస్తూ. "బజారోళ్ళు ఊరుకోవాలి కదా. బోణీ ఏళకి తెల్లసీర ఎదురొచ్చిందని అందరూ నా మీద పడతారు."

"ఎదురొచ్చేది సీరేరా, నేను కాదు" అంది వదిన. "పదమూడేళ్ళనుంచీ నా మొకం ఎవుడు సూసినాడు?"

మా అత్తగారు వంటింట్లోంచి అంతా విన్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ఆవిడ మీద పట్టరాని కోపమొచ్చింది. తనూ భర్తని పోగొట్టుకున్న మనిషే, తనూ అదే తెలుపు కట్టుకుంటోంది, కన్నకూతురి కోసం నోరు విప్పితే ఏం పోతుంది అనుకున్నాను.

వదిన ఏడవలేదు. పెరటి వసారాలోకెళ్ళి అటక మీదనుంచి ఒక వెదురుబుట్ట దించింది. అందులో చుట్టలుగా కట్టిన నూలు చిలపలున్నాయి. తెల్లవి కావు. కేంద్రం ఇచ్చే పత్తిలో అప్పుడప్పుడు ఎర్రపత్తి కలిసి వస్తుంది. ఎర్రపత్తి అని పేరే గాని ఎరుపు కాదు, ఎండుగడ్డికీ బెల్లానికీ మధ్య రంగు. చెట్టు మీదే అలా కాస్తుంది. తెల్లనూలులో కలిస్తే చారలు పడతాయని దాన్ని ఏరి పారేయమనేవారు. వదిన ఏరేది గాని పారేసేది కాదు. ఏళ్ళ తరబడి గుప్పెడు గుప్పెడు పోగేసి, వేరే వడికి, ఆ బుట్టలో దాచింది. ఎందుకు దాచావు అని అడిగితే, పారబోయడానికి మనసు రాలేదు అంది.

"పిల్లా, రంగు ఏసిన బట్ట కదా నేను కట్టకూడనిది? దీనికి ఎవరూ రంగు ఎయ్యలేదు. దేవుడే అలగ పుట్టించినాడు" అంది.

నేను గట్టిగా నవ్వి, వెంటనే నవ్వు ఆపేశాను. నిజమే కదా అనిపించింది. ఆ చిలపల్ని ఊరి పక్కనే ఉన్న నేతగాడికి ఇప్పించి చీర నేయించాం. మధ్యలో మా ఆయన్ని ఒప్పించింది నేనే, ఎలా ఒప్పించానో ఇక్కడ రాయను. చీర వచ్చింది. మగ్గం మీదనుంచి దిగినప్పుడు చాలా పలచటి రంగు, బియ్యం కడుగులో చిన్న బెల్లం ముక్క వేసి కలిపినట్టు. నా చీరల పక్కన పెడితే అది చీరేనా అనిపిస్తుంది. వదిన దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నిమిరింది. కట్టుకోవడానికి మాత్రం ఇంటిపెద్దలు ఔననాలి.

ఇంటిపెద్దలంటే మా అత్తగారు, ఆవిడ బావగారు. అంటే మా మామగారి అన్నగారన్నమాట. మా వీధిలోనే ఆయనకి పచారీ కొట్టు. మంచీ చెడ్డా అన్నింటికీ బజారంతా ఆయన మాటే వినేది. కబురంపితే వచ్చారు. చీరని కొనవేళ్ళతో ఎత్తి చూశారు.

"ఇది రంగే" అన్నారు.

"రంగెయ్యలేదు పెదనాన్నా. సెట్టునే అలగ కాసింది" అంది వదిన తలుపు వెనకనుంచి.

"సెట్టున కాస్తే మాత్రం? మందారం కూడా సెట్టునే పూస్తాది. పెట్టుకుంటావేటి?"

నా దగ్గర దానికి సమాధానం ఉంది గాని, అది కోడలు చెప్పదగ్గ మాట కాదు. ఆయన ఇంకా అన్నారు. ఈ నూలుకి తుమ్మచెక్క కషాయమో, కరక్కాయ నీళ్ళో పట్టించి ఉండరని నమ్మకమేమిటి, ఇవాళ ఇది పుట్టుక రంగు అంటుంది, రేపు ఇంకో అమ్మాయి పసుపుచీర కట్టి ఇదీ పుట్టుకే అంటుంది అన్నారు.

అప్పుడు మా అత్తగారు నోరు విప్పారు. "నిజమే బావా. నాకూ అనుమానంగానే ఉన్నాది. ఒక పని సేద్దాం. సాకలామెకిచ్చి ఉబ్బలో ఎయ్యమందాం. బాగా సవుడు పోసి ఉడకబెట్టమందాం. ఏసిన రంగయితే ఎలిసిపోతాది. పుట్టుకయితే నిలబడతాది. ఎలిస్తే సీర ఎవరికైనా ఇచ్చీద్దాం, ఇది మళ్ళీ ఆ ఊసెత్తకూడదు. నిలిస్తే కట్టుకుంటాది. మీరే వచ్చి సూద్దురు గాని."

పెదమామగారికి ఆ మాట నచ్చింది. చవుడుమట్టి పోసి రాత్రంతా ఆవిరి మీద ఉడికించే బానలోంచి ఏ రంగు బట్టయినా బతికి బయటపడుతుందా? నా పెళ్ళిచీర ఒకటి పొరపాటున ఉబ్బలో పడి, చిలకపచ్చగా వెళ్ళి నాచునీళ్ళ రంగులో తిరిగొచ్చింది. పుట్టుక రంగయినా సరే, అంత పలచన రంగు ఆ చవుడుకి ఆగుతుందని నేను అనుకోలేదు. కూతురి ఆశని మర్యాదగా చంపడానికే ఆవిడ ఈ ఎత్తు వేశారని నాకు గట్టిగా అనిపించింది. ఆ సాయంత్రం ఆవిడ అడిగిన మంచినీళ్ళ చెంబు నేల మీద ఠంగుమని పెట్టాను. ఆవిడ చెంబు వంక చూసి, నా వంక చూసి, నీళ్ళు తాగారు.

చీర చాకలింటికి వెళ్ళింది. అది తిరిగి వచ్చేదాకా నేను ఇల్లంతా ఆ రంగు కోసమే వెతికాను. అంతకుముందు ఎన్నడూ చూడనట్టు చూశాను. మా పెళ్ళిళ్ళల్లో అసలు ముహూర్తమంటే జీలకర్రా బెల్లమే కదా. పెళ్ళికూతురు ఎర్రగా ఉంటుంది, పందిరి పచ్చగా ఉంటుంది, కానీ ఆ క్షణంలో వరుడి చేతిలోనూ వధువు చేతిలోనూ ఉండేది ఈ పేరు లేని రంగు ముద్దే. తాంబూలంలో వక్క ఇదే రంగు. దేవుడికి కొట్టే కొబ్బరికాయ ఇదే రంగు. గృహప్రవేశానికి ముందు నడిపించే కపిల ఆవుదీ ఇంచుమించు ఇదే రంగు. ఇన్ని శుభాల్లో ఉన్నా దీన్ని శుభం రంగని ఎవరూ అనలేదు. అశుభం రంగనీ అనలేదు. ఎరుపు ముత్తైదువకి ఇచ్చారు, తెలుపు వదినలాంటివాళ్ళకి ఇచ్చారు, నలుపు ఎవరికీ వద్దన్నారు, కావి సన్యాసులకి వదిలేశారు. దీని గురించి మాత్రం ఏ పెద్దమనిషికీ ఒక నియమం పెట్టాలని తోచలేదు. అందరి కళ్ళముందూ ఉండడం వల్ల ఎవరి కంటా పడలేదేమో. లారీల్లో వెళ్ళే సైనికులు దాన్ని ఎందుకు వేసుకున్నారో నాకు అప్పుడు నవ్వు రాకుండా అర్థమైంది.

అదే రోజుల్లో మిషన్ బడి క్రైస్తవ పంతులమ్మగారు మా కొట్టుకి వచ్చింది. కూతురి పెళ్ళట, పెళ్ళిచీరకి మంచి తెలుపు కావాలంది. ఉన్నవాటిలో బాగా తెల్లనిది ఏరుకుని, వెళ్ళేటప్పుడు సంతోషంగా నవ్వింది. ఆ తెల్లచీరతోనే ఆ రోజు మా కొట్టు బోణీ అయింది. మా ఆయన బద్ద చేతిలో పట్టుకుని కాసేపు కొట్టడం మరిచిపోయారు. ఆ సంగతి నేను వంటింట్లోకెళ్ళి మా అత్తగారికి వినబడేలా రెండుసార్లు చెప్పాను. ఆవిడ పప్పులో ఉప్పు సరిపోయిందా లేదా చూడమన్నారు.

చాకలామె మూట నెత్తిన పెట్టుకుని వచ్చిన పూట పెదమామగారు ముందే వచ్చి నడవగదిలో కూర్చున్నారు. మా ఆయన కొట్టు వదిలి లోపలికి వచ్చారు. వదిన వంటింటి గుమ్మంలో నిలబడింది. నేను ఆవిడ వెనక నిలబడ్డాను. చాకలామె మూట విప్పింది.

చీర వెలవలేదు. వెలవకపోవడం కాదు, ముదిరిపోయింది. పలచగా వెళ్ళినది పాత బెల్లంలా ఎర్రటి చాయతో నిండుగా తిరిగొచ్చింది. అది చూసిన క్షణంలో నాకు సంతోషం కలగలేదు, భయమేసింది. పోతుందేమో అనుకున్నాం, ఉంటుందేమో అనుకున్నాం, పెరుగుతుందని ఎవరం అనుకోలేదు.

పెదమామగారు లేచి నిలబడ్డారు. "సూసినారా? నేను సెప్పలేదా? ఎలిసిపోద్దని భయపడి మధ్యలో సెక్కరంగులో ముంచీసినారు. ఎవులే ముంచినావు? సాకలిదానివి నువ్వా? నీకెవరు సెప్పినారు?"

చాకలామె లబలబలాడింది. "నాకేటి తెలీదు బాబూ. అమ్మగారు ఎలగ సెప్పినారో అలగే ఉడకబెట్టినాను. మా పిల్లల మీద ఒట్టు." ఆయన వినిపించుకోలేదు. చూపు వదిన మీదకి తిప్పారు. ఏళ్ళ తరబడి నోరెత్తని మనిషి, దొంగలా నిలబడాల్సి వచ్చింది.

"వద్దులే అమ్మా" అంది వదిన. "నాకీ సీర వద్దు. కేంద్రానికీ ఎల్లను. ఆ సాకలామెని ఏటీ అనకండి."

నేను ఇంక కోడలిగా ఉండలేనని నిశ్చయించుకుని నోరు తెరిచాను. అంతలో మా అత్తగారు నా ముందునుంచి నడిచి మూట దగ్గర కూర్చున్నారు. అందులోంచి ఒక తెల్లచీర లాగారు. అది ఆవిడదే.

"బావా, ఇది నా సీర. దాన్నీ దీన్నీ కలిపి మెలేసి, ఒక్క ముడి ఏసి, ఒకే బానలో ఎయ్యమన్నాను. ఏమే, అలగే ఏసినావా?"

"అలగే ఏసినానమ్మా. ఇప్పుడే కదా ఇప్పి మడతెట్టినాను."

"అయితే సూడండి బావా. ముంచిన రంగయితే పక్కదానికి అంటకుండా ఉంటాదేటి? సెక్కరంగు సెక్కరంగంటన్నారు, నా సీర మీద సుక్క సూపించండి. సూపిస్తే మీరన్నట్టే."

పెదమామగారు ఆ తెల్లచీరని గుమ్మంలో వెలుతురుకి తీసుకెళ్ళారు. కొంగు చూశారు, మడతలు చూశారు, తిరగేసి చూశారు. మా ఆయన కూడా వెళ్ళి చూశారు. బట్టలో పుట్టి బట్టలో పెరిగిన మనిషి, చెక్కరంగు మరక ఎలా ఉంటుందో ఆయనకి చెప్పక్కర్లేదు. చాలాసేపటికి తల ఎత్తారు.

"లేదు పెదనాన్నా. ఒక్క మచ్చ లేదు. అప్ప సీర పుట్టుకే అలగున్నాది." అలా పెద్దాయన ఎదుట, అంత గట్టిగా ఆయన మాట్లాడడం నేను అదే మొదలు చూడడం. ఆ రోజునుంచి నాకు మా ఆయన ఇంకొంచెం నచ్చారు, దాచుకోవడమెందుకు.

"అయితే ముదిరిందెందుకు?" అన్నారు పెదమామగారు. గొంతు తగ్గింది.

"నాకేటి తెలుసు? ఎండలో తిరిగితే మనిషి ముదరడేటి? అలగే సీరా ముదిరుంటాది" అన్నారు మా అత్తగారు, ఏమీ ఎరగనట్టు.

ఆయన చీర వంక చూశారు, తెల్లచీర వంక చూశారు, చాకలామె వంక చూడలేదు. అన్నమాట అన్నట్టే నిలబడే మనిషి, ఆ ఒక్కటీ ఆయనకి ఇవ్వాలి. "సరే. నిలబడింది కదా. కట్టుకోనీ. బజార్లో ఎవడైనా ఏటైనా అంటే నా కొట్టుకి రమ్మను" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. చాకలామెకి మా అత్తగారు పాలచెంబుతో సహా పాలిచ్చి పంపారు.

మర్నాడు పొద్దున్న వదిన ఆ చీర కట్టుకుంది. నేను కుచ్చిళ్ళు సర్దాను. చవుడు వాసన ఇంకా పోలేదు. ఆ రంగు ఆవిడ చామనచాయ ఒంటిమీద అతికినట్టుంది, చీర ఎక్కడ ఆగిందో, చెయ్యి ఎక్కడ మొదలైందో తెలియనట్టుంది. పెరటిదారిన వెళ్ళబోతుంటే మా ఆయన కేకేశారు. "అటెందుకు? ఇటు రా అప్పా" అన్నారు. బోణీ కాలేదు. వదిన నడవగదిలోంచి కొట్లోకి వచ్చింది. ఆయన కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. ఆవిడ అరుగు దిగి బజార్లోకి నడిచింది.

నేను తలుపు పక్కనుంచి చూశాను. మొదట అంచుకంటా పోయింది, తరవాత మధ్యకొచ్చింది. ఎదురుగా ఎవరో రైతు ఎద్దుల్ని తోలుకొస్తున్నాడు. అతను పక్కకి తిరగలేదు. ఆగి, ఫలానా కొట్టు ఎక్కడ అని ఆవిడనే అడిగాడు. వదిన చెయ్యి చాపి చూపించింది. అంతే జరిగింది.

ఆ సాయంత్రం వదిన వచ్చి, పిల్లల కబుర్లు చెప్పి చెప్పి అలిసి నిద్రపోయింది. నేనూ మా అత్తగారూ వసారాలో కూర్చుని బియ్యం ఏరుతున్నాం. ఒక సంగతి నన్ను పొద్దుటినుంచీ తొలిచేస్తోంది. తన చీరని దానితో మెలేసి పంపించిన మనిషి, ఫలితం ఏమవుతుందో తెలియకుండా పంపించి ఉండదు.

"అత్తా, మీకు ముందే తెలుసు కదా?" అన్నాను.

"మా నాన్నది పొందూరు దగ్గర పత్తి యాపారం. ఏకుల మధ్యన పెరిగినాను. ఎర్రపత్తి సవుడులో ఉడికినకొద్దీ రంగెక్కుతాదని నాకు తెలీదేటి?" అన్నారు చేట మీంచి తల ఎత్తకుండా.

"మరి ఆ మాట ఆరోజే చెప్పొచ్చు కదా? వదినని అంత ఏడిపించడమెందుకు?"

"తల్లి సెప్తే ఎవుడు నమ్ముతాడే? కూతురి మీద పేమతో సెప్పిందంటారు. నేను అనుమానపడినట్టుండాలి, బావే పరీచ్చ పెట్టినట్టుండాలి, ఆయన నోటే ఔనని రావాలి. లేపోతే అది బజారు దాటగలదా?"

నాకు ఆ చెంబు ఠంగుమని పెట్టిన చప్పుడు చెవిలో మోగినట్టయి సిగ్గేసింది. అయినా అడగడం ఆపుకోలేకపోయాను.

"ఇంత తెలిసి, ఇన్నాళ్ళూ మీరెందుకు తెలుపే కట్టారు? మీరూ అలా ఒకటి నేయించుకోవాల్సింది."

ఆవిడ చేటలోంచి ఒక మట్టిబెడ్డ ఏరి పెరట్లోకి విసిరారు.

"నేయించుకున్నాను. మీ మావ పోయిన ఏడే. ఇదే బావ ఇది రంగే అన్నాడు. నేను తలొంచుకుని లోపల పెట్టీసినాను. ఉడకబెట్టి సూడండని నా తరపున అనడానికి అప్పటికి మాయమ్మ బతికి లేదు కదే."